డీజిల్ ఇంజన్‌కి ఎవర్ని తెచ్చుకోవాలి? తొలి నలభై ఏళ్ళ యజమానులు వేసిన లెక్కలు

1905లో మీకో ఆవిరి ఇంజన్ల ఫ్యాక్టరీ ఉందనుకోండి. ఫౌండ్రీ ఉంది, లేతు మిషన్లున్నాయి, చేయి తిరిగిన ఫిట్టర్లు ఉన్నారు, బ్యాంకులో కాస్త డబ్బు కూడా ఉంది. పక్క ఊరి కంపెనీవాడు డీజిల్ ఇంజన్ మొదలెట్టాడని కబురొచ్చింది. మీరూ దిగాలి. కానీ మీ దగ్గరున్నవాళ్ళలో ఒక్కడికీ ఆ పని తెలీదు. ఎవర్ని తెచ్చుకుంటారు?

1893 నుంచి 1930ల మధ్య దాకా యూరప్‌లో, అమెరికాలో చాలామంది యజమానులు ఈ ప్రశ్న దగ్గరే తల పట్టుకున్నారు. కొందరు కనిపెట్టినవాణ్ణే పిలిచారు. కొందరు పోటీ కంపెనీ మనిషిని లాక్కున్నారు. ఒకాయనైతే తన కారు డ్రైవర్ మీద పందెం కాశాడు. వాళ్ళ లెక్కలన్నీ ఒకచోట పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా ఉంది. కారణం సొంతదే. ఇంజన్ల కంపెనీల్లో పనిచేస్తూ, ఇంటర్వ్యూ బల్లకి అవతలివైపూ ఇవతలివైపూ కూర్చున్నవాణ్ణి. "మనకో మంచి డీజిల్ స్పెషలిస్టు కావాలండీ" అని పైవాళ్ళు అనగానే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఎందుకంటే అలాంటి మనిషి ఒకడు ఉండడు. నలుగురైదుగురు వేర్వేరు మనుషుల్ని కలిపి మనం ఆ పేరు పెట్టుకున్నాం, అంతే.

ముందు జబ్బేమిటో చూసుకోవాలి

డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదని అందరికీ తెలుసు. గాలిని గట్టిగా అదిమితే అది కాగిపోతుంది, అందులోకి ఆయిలు చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. చెప్పడానికి రెండు ముక్కలే. చేయబోతే మూడు చోట్ల ముల్లు గుచ్చుకుంటుంది.

మొదటిది మంట. ఆయిలు ఎక్కడ పడాలి, గాలి ఎలా తిరగాలి, పొగ రాకుండా మొత్తం ఎలా కాలాలి అనేది. రెండోది ఆ ఆయిలు లోపలికి పంపడం. నిమిషానికి 1000 చుట్లు తిరిగే ఇంజన్‌లో, క్రాంకు అనే తిరిగే ఇరుసు 20 డిగ్రీలు తిరిగేలోపు ఆయిలు లోపలికి పోవాలంటే మన చేతిలో ఉండేది సెకనులో మూడు వందల్లో ఒక వంతు. ఆ కాస్త వ్యవధిలో సుమారు ఒక్క బొట్టు వెళ్ళాలి. ప్రతి సిలిండర్‌కీ అంతే వెళ్ళాలి, ప్రతిసారీ అంతే వెళ్ళాలి. మూడోది ఒంటి బలం: ఆ ఒత్తిడికి తట్టుకునే పోత పోసిన భాగాలు, అతుక్కుపోని పిస్టన్ రింగులు, మళ్ళీ మళ్ళీ ఒకేలా వచ్చే తయారీ.

ఈ మూడింటికీ ముగ్గురు వేర్వేరు మనుషులు కావాలి. ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. నేను చేరిన కొత్తలో ఓ చిన్న కంపెనీలో మూడు సిలిండర్ల ఇంజన్ ఒకటి నల్లగా పొగ కక్కుతుంటే, దహనం మీద పెద్ద చదువు చదివిన ఆయన్ని మంచి జీతమిచ్చి తెచ్చారు. ఆయన పిస్టన్ తల మీది గుంట ఆకారం మార్చాడు, మళ్ళీ మార్చాడు. ఆరు నెలలు గడిచాయి. పొగ అలాగే ఉంది. చివరికి పంపు విప్పి టౌన్‌లో ఓ పంపు, నాజిల్ రిపేరు షాపుకి పంపాం. ఆ మేస్త్రీ దాన్ని కాలిబ్రేషన్ బెంచి మీద బిగించి తిప్పాడు. కింద మూడు గాజు గొట్టాలు. రెండింట్లో ఆయిలు ఒకే గీత దగ్గర ఆగింది. మూడోదాంట్లో వేలెడు పైకి లేచింది. "ఒకదానికి ఎక్కువ తాగిస్తున్నారండీ" అన్నాడు. ఆయన మా వైపు కూడా చూడలేదు, స్పానర్ కోసం వెతుక్కుంటున్నాడు.

పెద్దాయన తప్పేమీ లేదు. ఆయన మంట మనిషి. మా జబ్బు పంపులో ఉంది. ఈ తేడా గుర్తుపెట్టుకుని పాత కథల్లోకి వెళ్దాం.

కనిపెట్టినవాణ్ణే పిలవడం

ఇది అన్నిటికంటే ఖరీదైన దారి, అందరికీ ముందు తోచే దారి కూడా. రుడాల్ఫ్ డీజిల్ మ్యూనిక్‌లో కార్ల్ ఫాన్ లిండె దగ్గర చదువుకున్నాడు, తర్వాత ఆయన ఐసు యంత్రాల వ్యాపారంలోనే పనిచేశాడు. 1892లో పేటెంట్‌కి దరఖాస్తు పెట్టి మరుసటేడు అందుకున్నాడు. 1893లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ యంత్రాల ఫ్యాక్టరీ ఆయనతో ఒప్పందం చేసుకుంది. ఆ వెంటనే క్రుప్ అనే ఉక్కు కంపెనీ కూడా చేరి, ఏడాదికి 30,000 మార్కులు ఇస్తానంది. ఒక్క ఇంజన్ కూడా తిరగకముందు ఇచ్చిన మాట అది.

ఆ డబ్బుకి మొదట ఏమొచ్చిందంటే, ఒక పేలుడు. 1893 ఆగస్టు 10న ఫ్యాక్టరీ షాఫ్టు నుంచి బెల్టు వేసి ఇంజన్‌ని తిప్పుతూ లోపలికి ఇంధనం వదిలారు. అంటుకుంది. ఒత్తిడి 80 అట్మాస్ఫియర్ల దాకా పోయి, దాన్ని కొలిచే ఇండికేటర్ ముక్కలై ఎగిరింది. డీజిల్‌కి సంతోషమే, తన సిద్ధాంతం నిజమైందని. అదే యజమాని కుర్చీలో మీరుంటే, ఆ ముక్కలు ఏరుకుంటూ ఏమనుకునేవారో ఆలోచించుకోండి.

మళ్ళీ విప్పి కట్టారు. 1894 ఫిబ్రవరి 17న ఇంజన్ తనంతట తాను సుమారు నిమిషం పాటు 88 చుట్లు తిరిగింది. ముందు ఆ సంగతి పసిగట్టింది ఒక మెకానిక్ అంటారు. అప్పటిదాకా ఇంజన్‌ని లాగుతున్న బెల్టులో బిగువు ఉన్నట్టుండి రెండోవైపుకి మారింది. అంటే ఇప్పుడు ఇంజనే బెల్టుని లాగుతోంది. ఆయన ఏమీ అనకుండా తల మీది టోపీ తీశాడట. కొలతల పుస్తకం చూసుకోనక్కర్లేకుండా బెల్టు చూసి చెప్పగలిగే ఆ కన్ను మీద నాకు చాలా గౌరవం.

అమ్మదగ్గ ఇంజన్‌గా తేలడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్ష చేసి 26.2 శాతం సామర్థ్యం ఉందని తేల్చాడు. అప్పటి మామూలు ఆవిరి ఇంజన్లకి అందులో సగం కూడా కష్టమే. ఆ పేరుతో లైసెన్సులు ఊరూరా అమ్ముడయ్యాయి. కానీ బయట పెట్టిన తొలి ఇంజన్లు, కెంప్టెన్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పెట్టినదాంతో సహా, కొన్నవాళ్ళకి తలనొప్పులు తెచ్చాయి. 1898 చివరికల్లా డీజిల్ అలసిపోయి వైద్యశాలలో చేరాల్సొచ్చింది.

ఆగ్స్‌బర్గ్ అధిపతి హైన్రిక్ ఫాన్ బుట్స్ ఓపిక పట్టాడు కాబట్టి నిలబడింది. అదే యజమాని రెండేళ్ళలో లాభం చూపించమనేవాడైతే కథ 1895లోనే ముగిసేది. కాబట్టి కనిపెట్టినవాణ్ణి పిలిచేముందు మీ జేబు కంటే మీ ఓపిక ఎంత లోతో చూసుకోండి. ఆలోచన ఎవరిదో వాడు ఆ ఆలోచన తప్పని ఒప్పుకోవడానికి అందరికంటే ఆలస్యం చేస్తాడు. ఇది డీజిల్‌ని తక్కువ చేయడానికి అనడం లేదు, మనుషుల స్వభావం చెబుతున్నాను.

దీనికి చవక రూపం ఒకటుంది, చూడ్డానికే చవక. మనిషిని వదిలేసి కాగితం కొనడం. సెయింట్ లూయిస్ బీరు వ్యాపారి అడాల్ఫస్ బుష్ 1897లో పది లక్షల మార్కులకి అమెరికా హక్కులు కొన్నాడు. కొనేముందు కర్నల్ మేయర్ అనే ఇంజనీరుని ఆగ్స్‌బర్గ్ పంపి చూపించుకున్నాడు కూడా. తెలివైన పనే. కానీ చూసొచ్చినవాడు వేరు, చేసేవాడు వేరు. డ్రాయింగులు ఓడెక్కి వచ్చాయి, ఆ డ్రాయింగుల వెనక ఆగ్స్‌బర్గ్ షెడ్డులో పడ్డ నాలుగేళ్ళ తంటాలు మాత్రం రాలేదు. చివరికి 1911లో స్విట్జర్లాండ్‌లోని సుల్జర్ సోదరులతో కలిసి కొత్త కంపెనీ పెడితేగాని దారిలో పడలేదు. లైసెన్సు కొన్న ప్రతివాడికీ ఇది వర్తిస్తుంది. కాగితంతో పాటు కనీసం ఒక్క టెస్ట్ బెడ్ మనిషిని, అంటే ఇంజన్‌ని బిగించి నడిపి పరీక్షించేవాణ్ణి, ఏడాది పాటు ఇవ్వమని ఒప్పందంలో రాయించుకోకపోతే, మీరు కొన్నది బొమ్మల పుస్తకం.

ఇంట్లోనే తయారుచేసుకోవడం

ఆగ్స్‌బర్గ్ కథలో నాకు నచ్చిన మనిషి డీజిల్ కాడు, ఇమానుయేల్ లౌస్టర్. 1896లో, 23 ఏళ్ళ వయసులో, కొత్త ఇంజన్ డ్రాయింగులు గీసే పని ఇతని చేతికొచ్చింది. 1897లో పరీక్ష నెగ్గింది ఆ ఇంజనే. తర్వాత డీజిల్ పేటెంట్ల గొడవల్లో, కంపెనీల గొడవల్లో పడి తిరుగుతుంటే, ఇంజన్‌ని అమ్మదగ్గ సరుకుగా మార్చే పని లౌస్టర్ లాంటివాళ్ళ మీద పడింది. ఆ కుర్రాడు పోనుపోను అదే కంపెనీలో అన్నిటికంటే పై కుర్చీ దాకా వెళ్ళాడు.

పేరున్న మనిషిని తేవడానికి ఖర్చు పెట్టిన ప్రతి యజమానీ, ఆయన పక్కన నిలబెట్టడానికి ఇద్దరు కుర్రాళ్ళని కూడా వెతుక్కోవాలి. పేరున్నవాడు వెళ్ళిపోయాక మిగిలేది వాళ్ళే.

అమెరికా నౌకాదళం ఇంకో రకంగా చేసింది. 1913లో చెస్టర్ నిమిట్జ్ అనే కుర్ర లెఫ్టినెంట్‌ని జర్మనీ, బెల్జియం పంపి డీజిల్ ఇంజన్లు నేర్చుకు రమ్మంది. అతను వచ్చి బ్రూక్లిన్ యార్డులో మామీ అనే ఆయిలు ఓడకి ఇంజన్లు కట్టించాడు. ఒకరోజు వచ్చినవాళ్ళకి ఇంజన్ చూపిస్తుంటే చేతి గుడ్డ గ్లవ్వు గేరు పళ్ళలో పడింది. వేలికున్న కాలేజీ ఉంగరం అడ్డుపడబట్టి చెయ్యి దక్కింది, ఉంగరపు వేలి కొస మాత్రం పోయింది. ఆ రోజుల్లోనే ఒక డీజిల్ కంపెనీవాళ్ళు అతని దగ్గరికొచ్చి నౌకాదళం జీతానికి ఎన్నో రెట్లు ఇస్తామన్నారు. నిమిట్జ్ రానన్నాడు, నేవీ వదలనన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ నౌకాదళాన్ని నడిపిన అడ్మిరల్ ఇతనే.

మనిషిని లాక్కోవాలనుకునే యజమానులు ఈ కథ రెండుసార్లు చదువుకోవాలి. నేర్పించి పంపినవాడు అన్నిసార్లూ పారిపోడు, డబ్బు చూపించినంత మాత్రాన అందరూ రారు. నేర్పిస్తే వెళ్ళిపోతాడేమోనని నేర్పించకపోవడం మన దగ్గర చాలామంది యజమానుల అలవాటు. నేర్పించకుండా ఉంచుకుంటే ఏమవుతుందో మాత్రం లెక్కేసుకోరు.

ఇంట్లో తయారీలో అసలు పెద్ద కథ ఇండియానా రాష్ట్రం కొలంబస్ ఊరిది. బ్యాంకరు విలియం ఇర్విన్ దగ్గర క్లెస్సీ కమిన్స్ డ్రైవరు, మెకానిక్కు. ఎనిమిదో తరగతితో చదువు సరి. 1919లో ఇర్విన్ డబ్బుతో ఇంజన్ కంపెనీ పెట్టాడు. హ్విడ్ అనే ఇంజన్ లైసెన్సు తీసుకుని రైతుల కోసం చేశారు, పోస్టులో సరుకులమ్మే సియర్స్ రోబక్ కంపెనీ కేటలాగులో అమ్మారు. నచ్చకపోతే డబ్బు వాపసు అన్న గ్యారంటీ ఉంది కదా, రైతులు సీజను పని కానిచ్చుకుని ఇంజన్లు తిప్పి పంపడం మొదలెట్టారు! మన దగ్గర పెళ్ళికి కొన్న చీర ట్యాగు తీయకుండా కట్టుకుని మర్నాడు షాపులో తిరిగిచ్చేవాళ్ళు గుర్తొస్తారు నాకు.

కంపెనీ మునిగిపోయే స్థితిలో, 1929 క్రిస్మస్‌కి క్లెస్సీ ఒక పాత ప్యాకర్డ్ కారులో తన డీజిల్ ఇంజన్ ఎక్కించి ఇర్విన్‌ని షికారు తిప్పాడు. పెద్దాయన మళ్ళీ డబ్బు పెట్టాడు. కొద్ది రోజులకే అదే కారు ఇండియానాపొలిస్ నుంచి న్యూయార్క్ ఆటో షోకి 792 మైళ్ళు వెళ్ళింది, ఆయిలు ఖర్చు డాలర్ 38 సెంట్లు. 1931లో ఇండియానాపొలిస్ 500 రేసులో కమిన్స్ డీజిల్ కారు మధ్యలో ఒక్కసారి కూడా ఆగకుండా ముగించి 13వ స్థానంలో వచ్చింది. ఇన్ని జరిగాక కంపెనీ తొలిసారి లాభం చూసింది 1937లో. అంటే 18 ఏళ్ళు.

సొంత మెకానిక్ మీద పందెం కాయడం చవకని ఎవరైనా అంటే ఈ 18 చూపించండి. జీతం తక్కువే, కానీ అతను నేర్చుకునే ప్రతి పాఠానికీ ఫీజు మీరే కట్టాలి. అందులో ఒక పెద్ద లాభం మాత్రం ఉంది. అలాంటివాడికి ఇంజన్ చేయడంతో పాటు అమ్మడం కూడా తెలుస్తుంది. ఏ పెద్ద చదువు ఇంజనీరుకైనా యజమానిని కారులో ఎక్కించుకుని షికారు తిప్పాలని తడుతుందా?

పక్కవాళ్ళ మనిషిని తెచ్చుకోవడం

ఇక్కడ రెండు రకాలున్నాయి, అవి కలిపేయకూడదు. ఒకటి, బాగా నడుస్తున్న కంపెనీ నుంచి లాక్కోవడం. రెండు, మూతపడుతున్నచోటి నుంచి తీసుకోవడం.

మొదటిదానికి ప్రాస్పర్ లొరాంజ్. డాయిట్స్ కంపెనీలో ఇంజన్ల పని నేర్చినవాడు, 1908లో మాన్‌హైమ్‌లోని బెంజ్ కంపెనీకి వచ్చాడు. అప్పట్లో డీజిల్ ఇంజన్‌లోకి ఆయిలు పంపడానికి కంప్రెసర్ పెట్టి గాలి ఒత్తిడితో చిమ్మించేవాళ్ళు. ఆ కంప్రెసర్ ఇంకో చిన్న ఇంజనంత బరువు, దాని గొడవ దానిదే. అందుకే డీజిల్ ఓడలకీ పవర్ హౌసులకీ సరిపోయింది గాని లారీ ఎక్కలేకపోయింది. లొరాంజ్ 1909లో సిలిండర్ పక్కన చిన్న గది పెట్టి పేటెంట్ తీసుకున్నాడు. ఆయిలు ముందు ఆ గదిలో కొంత కాలుతుంది, ఆ ఒత్తిడే మిగతాదాన్ని సిలిండర్‌లోకి తోస్తుంది. కంప్రెసర్ అక్కర్లేదు.

కాగితం మీద 1909. బెంజ్ డీజిల్ లారీ బయటికొచ్చింది 1923 ప్రాంతంలో. మధ్యలో యుద్ధం ఉందనుకోండి, అయినా పద్నాలుగేళ్ళు. 1936లో వచ్చిన మెర్సిడెస్ 260 డి కారు దాకా ఆ చిన్న గది నడిచింది. బాగా నడుస్తున్నచోటి నుంచి ఒకే సమస్య మీద పట్టున్న మనిషిని తెచ్చుకుంటే ఇలా ఉంటుంది. పంట ఆలస్యం, కానీ పండితే ఇంటికి తరతరాల తిండి. పెద్ద కంపెనీలకే ఇది పట్టే బేరం.

రెండోదానికి ఇంగ్లండ్‌లో పీటర్‌బరో. ఫ్రాంక్ పెర్కిన్స్, చార్లెస్ చాప్‌మన్ ఇద్దరూ ఆవెలింగ్ అండ్ పోర్టర్ అనే రోడ్డు రోలర్ల కంపెనీలో కలిసి పనిచేశారు. అక్కడ చాప్‌మన్ వేగంగా తిరిగే చిన్న డీజిల్ ఇంజన్ మీద పనిచేస్తుండగా, ఆ కంపెనీ ఉన్న పెద్ద గ్రూపు 1932లో దివాలా తీసింది. అదే ఏడాది జూన్‌లో పెర్కిన్స్ సొంత కంపెనీ పెట్టి చాప్‌మన్‌ని ఇంజనీరుగా తెచ్చుకున్నాడు. పెట్రోలు లారీల్లో ఉన్న ఇంజన్ తీసి దాని స్థానంలో పెట్టగలిగే చిన్న, తేలికైన, వేగంగా తిరిగే డీజిల్ చేయాలన్నది వాళ్ళ పంతం. అదే ఏడాది మొదటి ఇంజన్ తిరిగింది. 1935లో బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద డీజిల్ కార్లకి ఆరు ప్రపంచ రికార్డులు పెట్టారు. 1937లో వచ్చిన పీ6 ఇంజన్ కంపెనీకి అన్నం పెట్టింది.

ఈ పీ6 మనకి దూరపు చుట్టం కాదు. 1950ల్లో మద్రాసు సింప్సన్ కంపెనీ పెర్కిన్స్ లైసెన్సుతో ఇంజన్లు చేయడం మొదలెట్టింది. తర్వాత సింప్సన్ ఇంజన్లు ట్రాక్టర్లలో మన పొలాల దాకా వచ్చాయి. మా పెద్దనాన్న ట్రాక్టర్ బానెట్ ఎత్తితే ఆ పేరే ఉండేది, చిన్నప్పుడు కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాటల్లో అదొకటి.

చాప్‌మన్‌ని తీసుకోవడంలో పెర్కిన్స్ తెలివి ఏమిటంటే, అతను ఇంకోచోట ఇంకొకళ్ళ డబ్బుతో తప్పులు చేసేశాడు. ఆ తప్పుల ఖర్చు రోడ్డు రోలర్ల కంపెనీ ఖాతాలో పడింది, పాఠం పెర్కిన్స్ ఖాతాలో పడింది. పైగా ఏ పనికి తెస్తున్నాడో పక్కాగా ఉంది. "డీజిల్ స్పెషలిస్టు" అని తేలేదు, "లారీ పెట్రోలు ఇంజన్ స్థానంలో కూర్చునే డీజిల్ చేసేవాడు" అని తెచ్చుకున్నాడు. చిన్న కంపెనీకి ఇంతకంటే మంచి బేరం నాకు తెలిసి ఆ నలభై ఏళ్ళలో ఇంకోటి లేదు.

మనిషిని తెచ్చుకోకుండానే

రెండు దారులున్నాయి. సలహాదారుకి ఫీజు కట్టడం, లేదా కష్టమైన భాగాన్ని బయట కొనుక్కోవడం.

సలహాదారు అంటే ఆ రోజుల్లో ఇంగ్లండ్‌లో షోర్‌హామ్‌లో హ్యారీ రికార్డో. 1931 ప్రాంతంలో ఆయన కామెట్ అనే సిలిండర్ హెడ్ తెచ్చాడు, గాలి ఒక గుండ్రటి గదిలో సుడి తిరిగి ఆయిలుతో బాగా కలిసేట్టు. లండన్ బస్సుల ఇంజన్లు చేసే ఏఈసీ దాన్ని వాడింది, ఇంకా చాలామంది వాడారు. ఫీజు కట్టారు, మంట సమస్యలో పెద్ద భాగం తీరిపోయింది. మీ దగ్గర మంచి తయారీ ఉండి మంట ఒక్కటే రాకపోతే ఇది దివ్యమైన దారి. అడిగితే మీ పోటీదారుకి కూడా అదే హెడ్ ఇస్తాడు, అది మాత్రం మరచిపోకండి.

ఇక బయట కొనడం. రాబర్ట్ బాష్ కంపెనీ 1922లో డీజిల్ పంపు మీద పనిచేయాలని నిర్ణయించుకుంది. వాళ్ళ అన్నం పెట్రోలు ఇంజన్‌లో స్పార్కు పుట్టించే మాగ్నెటో మీద. స్పార్కే అక్కర్లేని ఇంజన్ వస్తే వాళ్ళ వ్యాపారం ఏమవుతుంది? అందుకని ఆ ఇంజన్‌కే కావలసిన వస్తువు చేద్దామనుకున్నారు. అప్పటికే ఇంజన్లకి లూబ్రికేషన్ ఆయిలు పోసే చిన్న పంపులు చేస్తున్నారు, సన్నటి ప్లంజర్‌ని గొట్టంలో వెంట్రుక మందంలో ఎన్నో వంతు ఖాళీతో బిగించడం వాళ్ళకి తెలుసు. 1927 చివర్లో పంపు మార్కెట్లోకి వచ్చింది.

దీంతో బజారు తీరే మారిపోయింది. అంతకుముందు ప్రతి ఇంజన్ కంపెనీ ఒక పంపు మేధావి కోసం వెతుక్కునేది, 1927 తర్వాత బాష్‌కి ఉత్తరం రాస్తే చాలు. పెర్కిన్స్ లాంటి చిన్న కంపెనీలు 1932లో ధైర్యంగా దిగగలిగాయంటే అందులో ఈ మార్పుకి పెద్ద పాత్ర ఉంది. మన దేశంలోనూ అంతే. 1951లో బెంగళూరులో బాష్ సాయంతో పంపులు చేసే మైకో కంపెనీ మొదలైంది. ఇప్పటికీ మన టౌన్లలో మెకానిక్కులు డీజిల్ పంపంటే "మైకో పంపు" అనే అంటారు, అది ఎవడు చేసినా సరే.

మనిషి కావాలా, వస్తువు కొంటే పోతుందా అన్న ప్రశ్న ప్రతి ఐదేళ్ళకీ మళ్ళీ వేసుకోవాలంటాను. 1920లో పంపు మనిషి లేకుండా డీజిల్‌లో దిగినవాడు సాహసి. 1932లో పంపు మనిషిని జీతమిచ్చి పెట్టుకున్నవాడు డబ్బు ఎక్కువైనవాడు.

ఎవరూ ఊహించని మనిషి కావలసి రావచ్చు కూడా. కాటర్‌పిల్లర్ కంపెనీ 1931లో డీజిల్ ట్రాక్టర్ తెచ్చింది. వాళ్ళ ఇంజనీరు ఆర్ట్ రోసెన్ బృందం మంచి ఇంజనే చేసింది. కానీ పొలాల్లో పిస్టన్ రింగులు జిగురు పట్టి అతుక్కుపోవడం మొదలైంది. అది డిజైన్ తప్పు కాదు, అప్పటి లూబ్రికేషన్ ఆయిలు ఆ వేడికి తట్టుకోలేకపోయింది. ఆ ముడి విప్పింది కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కెమిస్టులు, మసిని కడిగేసే గుణమున్న కొత్త ఆయిలు తయారుచేసి. జనరల్ మోటార్స్ 1933లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో రెండు విన్టన్ డీజిల్ ఇంజన్లు పెట్టి పగలంతా నడిపి, రాత్రంతా రిపేరు చేసింది. ఆ పనిలో ఉన్న యూజీన్ కెటరింగ్ తర్వాత చెప్పిన మాట బాగుంటుంది: ఏ భాగాలు ఇబ్బంది పెట్టాయో చెప్పాలంటే చాలాసేపు పడుతుంది, ఆయిలు చూసే డిప్‌స్టిక్కుతో మాత్రం ఇబ్బందేమీ గుర్తులేదు అని.

నేనైతే

చిన్న కంపెనీ, మూడేళ్ళకంటే ఆగలేని డబ్బు అయితే చాప్‌మన్ దారి. ఇంకోచోట సగం చేసి ఆగిపోయిన మనిషిని వెతుకుతాను. అతని పాత కంపెనీ మునిగిందని అతన్ని చిన్నచూపు చూడను, ఎందుకు మునిగిందో మాత్రం అడుగుతాను. పంపు, నాజిల్ బయట కొంటాను.

పెద్ద కంపెనీ, పదేళ్ళు ఓర్చుకునే బోర్డు ఉంటే లొరాంజ్ దారి, పక్కన ఇద్దరు లౌస్టర్లతో. కనిపెట్టినవాణ్ణి పిలవడం మాత్రం, అతను కాకపోతే ఇంకెవరికీ చేతకాదన్నప్పుడే. నిజం చెప్పాలంటే 1893లో ఆగ్స్‌బర్గ్‌కి ఇంకో దారి లేదు.

ఇంటర్వ్యూలో నేనడిగేవి రెండే. మీ ఇంజన్ ఆఖరుసారి ఎప్పుడు ఆగింది, ఆగినప్పుడు మీరు ఎక్కడున్నారు? ఆఫీసులో ఉన్నాననేవాడికి డ్రాయింగ్ పని ఇస్తాను. పక్కనే ఉన్నానని చెప్పి, ఏ చప్పుడు మారిందో, ఏ పైపు వేడెక్కిందో, పొగ ఏ రంగులో వచ్చిందో చేత్తో గీసి చూపించేవాణ్ణి తీసుకుంటాను. అతను చెప్పే కారణం తప్పైనా ఫరవాలేదు. బెల్టు బిగువు చూసి టోపీ తీసిన ఆ ఆగ్స్‌బర్గ్ మెకానిక్ తమ్ముణ్ణి వెతుకుతున్నాను కాబట్టి.

ఆర్డరు కాగితం మీద సంతకానికి ముందు ఇంకొక్క విషయం రాయించుకోవాలి: ఇక్కడుండగా కనిపెట్టినవి ఎవరివి, వెళ్ళాక కనిపెట్టినవి ఎవరివి. క్లెస్సీ కమిన్స్ కంపెనీ నుంచి తప్పుకున్నాక, కొండ దిగే లారీని ఇంజన్ ఒత్తిడితోనే ఆపే బ్రేకు ఒకటి తయారుచేశాడు. 1960ల మొదట్లో అది బజారులోకి వచ్చింది. అమెరికాలో లారీ డ్రైవర్లందరికీ తెలిసిన ఆ బ్రేకు మీద ఉన్న పేరు కమిన్స్ కాదు, దాన్ని చేసి అమ్మిన వేరే కంపెనీ పేరు, జేకబ్స్.